కంప్యూటరు గారి సెలవు

ఆ ఆఫీసులో మనుషులు చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం ఎప్పుడూ ఉన్నదే, దానికెవరూ ఏమీ అనుకోరు. కంప్యూటరు మాత్రం ముందుగా చెప్పి మరీ వెళ్లింది. అదే దాని కొంప ముంచింది.

ఆఫీసు అంటే చింతపండు, కుంకుడుకాయల అభివృద్ధి సంస్థ వారి జిల్లా కార్యాలయం. గుమ్మడవలస బస్టాండు వెనక, ఒకప్పుడు రైసుమిల్లు గోడౌనుగా ఉన్న కొట్లో నడుస్తుంది. ఆ రోజు రాజధాని నుంచి సంస్థ పెద్దాయన వీడియోలో సమీక్ష చేస్తున్నారు. చింతపండులో గింజలు తీయించే పని ఎంతవరకు వచ్చిందని అడిగారు. జిల్లా మేనేజరు త్రివిక్రమరావు గారు కోటు గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, "గింజల విషయమై సమగ్రమైన..." అనేసరికి తెర నీలంగా మారిపోయింది. అప్‌డేట్ అవుతోంది, దయచేసి ఆపవద్దు అని రాసి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి.

నిజానికి ఆ కంప్యూటరు పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉంది, ఇప్పుడు చేసుకోనా, తరవాత చేసుకోనా అని. అది అడిగినప్పుడల్లా ఆపరేటరు తవిటినాయుడు 'తరవాత' అని నొక్కుతూనే ఉన్నాడు. అడిగి అడిగి విసుగెత్తి అది తన పని తాను చూసుకుంది. పెద్దాయన మాత్రం, తాను మాట్లాడుతుండగా ఒక జిల్లా లేచి వెళ్లిపోయిందని అర్థం చేసుకున్నారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. 'కార్యాలయ వేళల్లో పై అధికారి ముందస్తు అనుమతి లేనిదే ఏ కంప్యూటరూ అప్‌డేట్ కారాదు. అట్లు అయినచో దానిని అనుమతి లేని గైర్హాజరుగా పరిగణించి తగు చర్య గైకొనవలెను' అని అందులో ఉంది. ఇంకో మేనేజరైతే నవ్వుకుని ఫైల్లో పెట్టించేవాడు. త్రివిక్రమరావు గారు అలాంటివారు కారు. సర్క్యులర్ అంటే అందరికీ భయం, ఆయనకు ప్రేమ. ఒకసారి చదివి మడతపెట్టరు, ఒళ్లో పెట్టుకు కూర్చుంటారు.

సూపరింటెండెంట్ మంగతాయారు గారిని పిలిపించారు.

"చర్య అంటే ఎవరి మీద సార్?" అని అడిగిందావిడ.

"గైర్హాజరైనది ఎవరమ్మా?"

"కంప్యూటరు."

"మరి!" అన్నారాయన.

మంగతాయారు గారు మంచావిడ. ఎవరి కష్టమైనా కళ్లనీళ్లు పెట్టుకుని వింటుంది, విన్నాక రూలు ఒప్పుకోదని చెబుతుంది. ఆవిడ సంజాయిషీ మెమో తయారుచేసి, అందినట్టు సంతకం ఎవరి చేత పెట్టించాలో తోచక, దాన్ని కంప్యూటరు తెర మీదే జిగురుతో అంటించింది. తెర కనబడక ఆ రోజంతా పని ఆగిపోయింది. అది కూడా కంప్యూటరు తప్పుగానే రాసుకున్నారు.

జవాబు రాయాల్సిన పని తవిటినాయుడి మీద పడింది. అతను కంప్యూటరు ముందు కూర్చుని, కంప్యూటరు తరఫున, కంప్యూటరులోనే ఇలా కొట్టాడు: 'అయ్యా, నేను ఉదయం నుంచి అనుమతి కోరుతూనే ఉన్నాను. ప్రతిసారీ తరవాత అన్నారు. తరవాత అంటే ఎప్పుడో ఎవరూ సెలవీయలేదు. ఇకపై ముందుగా సెలవు చీటీ పెట్టుకోగలనని మనవి.'

మేనేజరు గారు దాన్ని రెండుసార్లు చదివి అద్దాలు తుడుచుకున్నారు. "ఎంత వినయం! ఈ కార్యాలయంలో ఇంత మర్యాదగా సంజాయిషీ ఇచ్చినవారు ఇంతవరకు లేరు. క్షమించి వదిలేద్దాం. అయితే సెలవు పెడతానంటోంది కాబట్టి, దానికి సెలవుల ఖాతా తెరవండి."

సెలవుల ఖాతా కావాలంటే సర్వీసు పుస్తకం ఉండాలి. మంగతాయారు గారు కొత్త పుస్తకం తీసి, పసుపు రాసి, గడులు నింపడానికి తవిటినాయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. పుట్టిన తేదీ, అట్టపెట్టె మీదున్నది. తండ్రి పేరు దగ్గర కాస్త తర్జనభర్జన పడి 'టెండరు' అని రాశారు. పుట్టుమచ్చల దగ్గర, వెనక వైపు తుప్పు మచ్చ ఒకటి, కుడివైపు పర్చేజు సెక్షను వారి టీ మరక ఒకటి. స్వగ్రామం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కలం ఆగిపోయింది. ఆ గడి ఖాళీగా ఉంటే పుస్తకం చెల్లదు.

"మాది రాసీండి మేడమ్, ఇప్పలవలస. ఎవులడుగుతారు?" అన్నాడు తవిటినాయుడు. ఆవిడ రాసేసింది.

ఇంతకీ ఈ తవిటినాయుడు ఎవరో చెప్పాలి. అతను ఆ ఆఫీసులో చాలా ఏళ్లుగా ఉన్నాడు, కాని ఆఫీసు లెక్కలో లేడు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు. నెలనెలా వచ్చే బిల్లులో తాగునీటి క్యాన్లకీ ఫినాయిలు సీసాలకీ మధ్య 'ఆపరేటరు' అని ఉంటుంది, ఆ వరసే అతను. పొద్దున్న తాళం తీసేదీ అతనే, చీకటి పడ్డాక వేసేదీ అతనే. ఎప్పుడు బయల్దేరబోయినా ఎవరో ఒకరు "ఈ ఒక్క స్టేట్‌మెంటు కొట్టిపెట్టేసి వెళ్లు నాయుడూ" అంటారు. హాజరు పుస్తకంలో అతనికి గడి లేదు, కాబట్టి ఎన్ని గంటలు కూర్చున్నాడో ఎవరికీ తెలియదు.

అలాంటివాడికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు హైమావతి, వరసకి మరదలే. వాళ్ల నాన్న సూరన్న గారికి ఇప్పలవలస పక్క ఊళ్లో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు ఉంది. కొట్టు పేరుకి ఆయనది, నడిపేది ఆ అమ్మాయి. ఎవరింట్లో శుభకార్యమైనా గుండిగలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునేది ఆమే. పెళ్లి పందిరి కూడా తమ కొట్లోదే, ఎక్కడికైనా పట్టుకెళ్లి వేసుకోవచ్చు కాబట్టి, ముహూర్తం పెళ్లికొడుకు ఊరు ఇప్పలవలసలోనే పెట్టుకున్నారు.

తవిటినాయుడు శుభలేఖ పట్టుకుని మంగతాయారు గారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ శుభలేఖ కళ్లకద్దుకుంది, పిల్ల బాగుంటుందా అని అడిగింది, సంతోషంతో కళ్లు తుడుచుకుంది.

"సెలవు కావాల మేడమ్. నాలుగు రోజులు."

"సెలవు ఉద్యోగులకి నాయుడూ. నువ్వు ఉద్యోగివి కావు, సేవవి. నీళ్ల క్యాను సెలవు పెడుతుందా చెప్పు? రాకపోతే కాంట్రాక్టరు ఇంకో క్యాను పంపుతాడు. తరవాత నువ్వు వచ్చినా చోటుండదు." చెబుతూ ఆవిడ శుభలేఖను మళ్లీ కళ్లకద్దుకుంది. "రూలు ఒప్పుకోదు నాన్నా."

ఆ సాయంత్రం బస్టాండులో నిలబడి తవిటినాయుడు హైమావతికి ఫోను చేశాడు. బాధ, సిగ్గు, కోపం మూడూ కలిసి వచ్చాయి.

"ఏటి బావా, నీ పెళ్లికి నువ్వు రావా?"

"నాకు సెలవు నేదంట హైమా. నాను ఉజ్జోగిని కాదంట. కంప్యూటరుకైతే ఇస్తారంట, దానికి ఖాతా ఉంది."

అవతల కాసేపు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది. "అయితే దానికే పెట్టు సెలవు," అంది హైమావతి. "దాని ఊరు మీ ఊరేనని రాయించినావు గదా. అదొక్కతీ నడిసి రానేదు. ఎవులో ఒకలు మొయ్యాల."

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు సెలవు చీటీ పెట్టుకుంది. 'నాకు పెద్ద అప్‌డేట్ రానున్నందున, దానిని స్వగ్రామంలో ప్రశాంత వాతావరణంలో పూర్తి చేసుకొనుటకు సెలవు మంజూరు చేయ ప్రార్థన' అని ఉంది. మేనేజరు గారు తల ఊపారు.

"నిజమే. ఇక్కడ దాన్ని ప్రశాంతంగా ఎవరు ఉండనిస్తున్నారు! అయితే ఒక మౌలికమైన సందేహం. అప్‌డేట్ అనేది వ్యక్తిగత పనా, ఆరోగ్య కారణమా?"

"లోపల మార్పు జరుగుతుంది కదా సార్, ఆరోగ్యమే అవుతుంది," అంది మంగతాయారు గారు.

"అట్లయిన డాక్టరు ధ్రువపత్రం జతపరచవలెను."

తవిటినాయుడు కంప్యూటరును భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ డాక్టరు దాన్ని చూసి, తవిటినాయుణ్ణి చూసి, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. ఆ వేరే డాక్టరు మనసుకి మందిచ్చే డాక్టరని తెలిసి తవిటినాయుడు బయటికి వచ్చేశాడు. దారిలో పశువుల ఆసుపత్రి కనబడింది. అక్కడాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "నోరు లేనివన్నీ మా డిపార్టుమెంటే బాబూ," అంటూ కంప్యూటరును ప్లగ్గులో పెట్టించి, దాని మీద చెయ్యి వేసి చూశాడు. ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు. లోపల ఫ్యాను చప్పుడు విని ఆయాసం కూడా ఉందన్నాడు. ధ్రువపత్రంలో 'పై పశువునకు' అన్న మాట కొట్టేసి 'పై కంప్యూటరునకు విశ్రాంతి అవసరం' అని రాసి ముద్ర వేశాడు.

సెలవు మంజూరైంది. కాని సెలవులో వెళ్లేవారు బాధ్యతలు ఎవరికైనా అప్పగించి వెళ్లాలి. ఆఫీసులో ఇంకో కంప్యూటరు లేదు. స్టోరు గదిలో కుంకుడుకాయల బస్తాల వెనక పాత టైపుమిషను ఒకటి ఉందని గుర్తొచ్చి, దాన్ని దులిపి తెచ్చి, పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి ఫోటో తీశారు. టైపుమిషను సర్వీసులో చాలా సీనియరని, ఇంత జూనియరు నుంచి బాధ్యతలు తీసుకోవడం దానికి చిన్నతనమేమోనని మేనేజరు గారు కొంచెం ఇబ్బంది పడ్డారు.

ఇక మిగిలింది ప్రయాణం.

"అది నడవలేదు కద సార్. తవిటినాయుడు మోసుకెళతానంటున్నాడు," అంది మంగతాయారు గారు.

"సెలవులో ఉన్న ఉద్యోగి వెంట సంస్థ తరఫున మనిషిని పంపరాదు. స్పష్టమైన నిషేధం ఉంది."

"అతను మనిషి కాదు కద సార్, సేవ."

"సేవను బయటికి పంపే నిబంధన లేదమ్మా. సామానైతే పంపవచ్చు," అంటూ మేనేజరు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన కళ్లు మూసుకున్నప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది. చివరికి ఉత్తర్వు తయారైంది: 'సెలవుపై వెళ్లు కంప్యూటరు వెంట పంపబడు అనుబంధ పరికరములు: తెర, కీబోర్డు, మౌసు, వైర్లు, ఆపరేటరు. పై పరికరములన్నియు తీసుకెళ్లిన స్థితిలోనే తిరిగి అప్పగించవలెను.'

"ఏమీ అనుకోకు నాయుడూ," అంది మంగతాయారు గారు ఉత్తర్వు చేతికిస్తూ. "నువ్వు మన ఉత్తర్వులోకి ఎక్కడం ఇదే మొదటిసారి."

తవిటినాయుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మౌసు తరవాత వైర్లు, వైర్ల తరవాత తను. ఒళ్లు మండిపోయింది. అయినా పెళ్లికి వెళుతున్నాడు, అదే పదివేలు అనుకున్నాడు.

ఇప్పలవలసలో పందిరి కింద కంప్యూటరుకి మంచి కుర్చీ వేశారు. సెలవుకి ఏ కారణం చెప్పారో ఆ పని జరిగి తీరాలి, లేకపోతే అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నట్టవుతుంది. అందుకని పెళ్లినాడు పొద్దున్నే తవిటినాయుడు దాన్ని జనరేటరుకి తగిలించి 'ఇప్పుడే చేయి' అని నొక్కాడు. ముసలమ్మలు వచ్చి ఏమిటీ నీలం పెట్టె అని అడిగారు. సూరన్న గారు "మా అల్లుడి ఆఫీసరు" అని చెప్పారు. వాళ్లు దానికి బొట్టు పెట్టి వెళ్లారు.

మేనేజరు గారి ఫోను అరగంటకొకసారి మోగుతూనే ఉంది.

"ఎంతవరకు వచ్చినది?"

"సగం దాటింది సార్. సార్, నన్ను పీటల మీదకి పిలస్తన్నారు."

"నువ్వు పీటల మీద కూర్చున్నా దృష్టి దాని మీద ఉండవలెను. మధ్యలో కరెంటు పోయినచో అది మరి లేవదు. అది లేవకపోతే నువ్వూ లేవవు, గుర్తుంచుకో."

సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి జనరేటరు దగ్గడం మొదలుపెట్టింది. ఫ్యాన్లు, మైకు, బ్యాండువాళ్ల పెట్టె, కంప్యూటరు, ఇన్నింటిని మోయలేనని గొణిగింది. తెర ఒకసారి వణికింది. తవిటినాయుడు పీటల మీద నుంచి సగం లేచాడు. అది ఆరిపోతే ఉద్యోగం పోయినట్టే, ఉద్యోగం పోతే మొన్న మొన్న కుదిరిన సంసారం ఏం పెట్టి నడపాలి? ముహూర్తం దాటిపోతోందని పంతులు గారు కేకలు. తెర మీద చుక్కలు ఒకటీ ఒకటీ తిరుగుతున్నాయి. ఎటు పోవాలో తెలియక అతను బెల్లం చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు.

"కూకో బావా," అంది హైమావతి తలెత్తకుండానే. తరవాత జనరేటరు దగ్గరున్న తమ కొట్టు మనిషికి వినబడేలా గొంతు పెంచింది. "ఒలే సత్తెమ్మా, ఫ్యాన్లు కట్టీ! మైకు తీసీ! పంతులు గారూ, మీ గొంతుకేటి తక్కువ, గట్టిగా సదవండి. నాకు ఇనపడితే సాలు."

అలా ఫ్యాన్లు లేకుండా, మైకు లేకుండా, చుట్టాలందరూ శుభలేఖలతో విసురుకుంటూ ఉండగా ఆ పెళ్లి జరిగింది. మూడు ముళ్లు పడ్డాక తవిటినాయుడు మొదట పెళ్లికూతురు మొహం చూశాడు, తరవాత కుర్చీలోకి చూశాడు. అప్‌డేట్ పూర్తయింది, స్వాగతం అని ఉంది.

సెలవు పూర్తయిన రోజున ఆటోలో కంప్యూటరు, తెర, కీబోర్డు, మౌసు, వైర్లు, తవిటినాయుడు, పక్కన పసుపు బట్టలతో హైమావతి, ఆఫీసుకి చేరారు. మంగతాయారు గారు ముందు కంప్యూటరుకి, తరవాత కొత్త పెళ్లికూతురికి హారతి ఇచ్చింది. కంప్యూటరును బల్లెక్కించి నొక్కారు. వెలిగింది గాని, చింతపండు లెక్కల ప్రోగ్రాము మాత్రం తెరుచుకోలేదు. కొత్త వెర్షనుకి ఆ పాత ప్రోగ్రాము పనికిరాదట.

మంగతాయారు గారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. మేనేజరు గారు మాత్రం చలించలేదు. "అది పై స్థాయికి వెళ్లినదమ్మా. పై స్థాయికి వెళ్లినవారు కింది స్థాయి పని చేస్తారా? నేను చేస్తున్నానా? దానికి పదోన్నతి ఇచ్చి నా గదిలో పెట్టండి. లెక్కలు టైపుమిషనే చూసుకుంటుంది." అని, ఉత్తర్వు తీసి పరికరాలు సరిచూడసాగారు. తెర, సరే. కీబోర్డు, సరే. మౌసు, వైర్లు, సరే. ఆపరేటరు దగ్గర ఆగారు.

"తీసుకెళ్లిన స్థితిలోనే అప్పగించవలెనని ఉంది. తీసుకెళ్లినప్పుడు ఇది అవివాహిత పరికరం. ఇప్పుడు మెడలో పూలదండ, కాళ్లకు పసుపు. స్థితి మారినది. దీన్ని నేను స్వీకరించలేను."

తవిటినాయుడు గబగబా మెడలో దండ తీసి వెనక దాచుకున్నాడు. మంగతాయారు గారు అప్పుడే కొంగు కళ్లకి అద్దుకుంటోంది. రూలు ఒప్పుకోదని ఆవిడ చెప్పబోతున్నట్టు అతనికి తెలిసిపోయింది.

హైమావతి ముందుకొచ్చింది. "ఏటండీ, అయితే ఇది మీది కాదా?"

"కాదు."

"మీది కాపోతే మాదేనన్నమాట."

"నిస్సందేహంగా."

"మాదయితే మేం అద్దెకిస్తామండి. మా కొట్టు పద్ధతి సెప్తాను, ఇనండి. పొద్దున్న పట్టుకెల్లాల, సాయంత్రం అయిదింటికి తెచ్చీయాల. అయిదు దాటితే రెండో రోజు అద్దె. సొట్ట పడితే మీ పూసీ. ఆదివారం, పండగ పూట బయటికివ్వం. మా ఇంట్లో పనుంటే అసలే ఇవ్వం. గుండిగలకైనా అంతే, కుర్చీలకైనా అంతే."

తవిటినాయుడు భార్య వైపు నోరు తెరుచుకు చూశాడు. కాని మేనేజరు గారి మొహం వెలిగిపోయింది. చాలాకాలం తప్పిపోయిన బిడ్డ దొరికినట్టుగా, "అద్దె పరికరాలా! దానికి నిబంధన ఉందమ్మా, చాలా స్పష్టంగా ఉంది!" అన్నారు. మంగతాయారు గారు వెతికి చదివింది: 'అద్దెకు తెచ్చిన పరికరములను కార్యాలయ వేళలు ముగిసిన పిమ్మట ఎట్టి పరిస్థితులలోను నిలిపి ఉంచరాదు.' అక్కడికక్కడే సంతకాలైపోయాయి.

మర్నాడు సాయంత్రం మళ్లీ రాజధాని నుంచి పెద్దాయన సమీక్ష. టైపుమిషనులో మొహాలు కనబడవు కాబట్టి, ఆఫీసు మొత్తం మేనేజరు గారి గదిలో పైస్థాయి కంప్యూటరు ముందు నిలబడింది. గింజల సంగతి మళ్లీ మొదలైంది. ఇది చీకటి పడినా తెమలదని అందరికీ తెలుసు. అయిదు కొట్టింది. త్రివిక్రమరావు గారు ఉలిక్కిపడి, పెద్దాయన మాట్లాడుతుండగానే వెనక్కి తిరిగి, "తవిటినాయుడూ, ఇంకా ఇక్కడే ఉన్నావేమిటి! వెళ్లు, వెళ్లు, రెండో రోజు అద్దె పడుతుంది!" అని గుమ్మం దాకా తరిమారు.

బయట హైమావతి సరుకు తీసుకోవడానికి వచ్చి నిలబడి ఉంది. మొగుణ్ణి ఎగాదిగా చూసింది. సొట్టలేమీ లేవని చేతిలో సంచీ అతనికిచ్చింది. వెలుతురుండగా ఆఫీసు మెట్లు దిగడం అతనికి అదే మొదలు, కళ్లు చికిలించుకున్నాడు.

వాళ్లు గేటు దాటుతుండగా వెనక నుంచి మంగతాయారు గారు ఆయాసపడుతూ వచ్చింది. నీళ్లు తాగి వస్తానని చెప్పి సమీక్ష మధ్యలోంచి బయటపడిందట. అటూ ఇటూ చూసి, హైమావతి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా," అంది మెల్లగా, "మీ కొట్లో పాతసామాను కూడా పెట్టుకుంటారా?"